పగిలిన గొంతుకు వన్స్ మోర్

నేను ఒక హార్మోనియం పెట్టెని. వ్యాపారిని కూడా. మీరు నవ్వుకోవచ్చు గానీ నేను చేసేది అచ్చంగా వ్యాపారమే. ఒక పక్క గాలి తీసుకుంటాను, ఇంకో పక్క స్వరం ఇస్తాను. ఎంత గాలి పోస్తే అంతే పలుకుతాను. మొహమాటానికి పోయి ఒక్క క్షణం ఎక్కువ పలకను. తిత్తి ఆగిందంటే దుకాణం మూసినట్టే. ఇంత నిక్కచ్చిగా బతికే నాకు మనుషుల బేరాలు ఏనాడూ అంతుపట్టలేదు. దేన్ని ఇచ్చుకుని దేన్ని తెచ్చుకుంటారో చూసి ఎన్నోసార్లు నిర్ఘాంతపోయాను. అన్నీ ఒక ఎత్తు, చీరాలలో ఏడుకొండలు అనే పిల్లవాడి గొంతుతో జరిగిన బేరం ఒక ఎత్తు. అది ఇప్పటికీ నాకు మింగుడుపడలేదు.

పుట్టింది బెజవాడ వన్‌టౌన్‌లో, ఒక ఇరుకు సందులో. నన్ను చేసింది దస్తగిరి అనే మేస్త్రీ. ఒళ్ళు టేకుది, లోపల గాలికి అదిరి పలికే రీడ్లు ఇత్తడివి. నా తొలి దిగ్భ్రాంతి ఆయన చేతిలోనే కలిగింది. రీడు స్వరం పెంచాలంటే కొస దగ్గర గీకేవాడు. తగ్గించాలంటే మొదట్లో గీకేవాడు. పెంచినా తగ్గించినా పోయేది నా ఇత్తడే. ఇదెక్కడి న్యాయం అనుకున్నాను. ప్రతి సవరణకూ ఎక్కడో ఒక చోట కాస్త కోల్పోవాల్సిందేనని వ్యాపారంలోకి దిగకముందే తెలిసిపోయింది.

ఆయన నాకొక సదుపాయం కూడా పెట్టాడు. దాన్ని స్కేల్ ఛేంజర్ అంటారు. పక్కనున్న గుబ్బ పట్టుకుని జరిపితే నా మెట్ల వరస మొత్తం ఎడమకో కుడికో జరుగుతుంది. వాయించేవాళ్ళ వేళ్ళు అవే మెట్ల మీద ఉంటాయి, పలికే శృతి మాత్రం మారిపోతుంది. పైనుంచి చూసేవాళ్ళకు ఏమీ తెలియదు. ఒకే తక్కెడ, రెండు తూకాలు. నిజాయితీగల వ్యాపారికి ఇలాంటి ఏర్పాటు ఎందుకా అని అప్పట్లో కొంచెం సిగ్గుపడ్డాను.

నన్ను మొదట కొన్నది బాపట్లలో ఒక బియ్యం మిల్లు యజమాని. సంగీతం కోసం కాదు, ఎదురింట్లో హార్మోనియం ఉందని. నా మీద అల్లిక గుడ్డ పరిచి, దాని మీద టెలిఫోన్ పెట్టారు. అది మోగినప్పుడల్లా ఇంటిల్లిపాదీ పరుగెత్తుకొచ్చేవారు. నోరున్న నేను కింద, నోరులేని మర గంటకు ఆ మర్యాద. తర్వాత భజన సమాజానికి ఇచ్చేశారు. అక్కడ నేనొక శృతి ఇస్తే భక్తులు తలా ఒక శృతి తీసుకునేవారు. ఇచ్చిన సరుకు ఒకటి, పుచ్చుకున్నది మరొకటి. అయినా అందరూ తృప్తిగా ఇంటికి వెళ్ళేవారు. ఆ తృప్తికి ఆశ్చర్యపోవడం తప్ప చేయగలిగింది లేకపోయింది.

ఆ సమాజం మూతపడ్డాక నన్ను తీసుకున్నది మంగతాయారు. ఒకప్పుడు చీరాల, వేటపాలెం చుట్టుపక్కల పద్యనాటకాల్లో రాణి వేషాలు వేసిన మనిషి. నేను ఆమె చేతికి వచ్చేనాటికి ఆ గొంతు లేదు. గరగరమనే మాట మిగిలింది, అంతే. పాడే మనిషి వాయించే మనిషిగా మారింది. ఎడమచేత్తో తిత్తి, కుడిచేత్తో మెట్లు. నా జీవితంలో నన్ను సరుకులాగా కాక భాగస్వామిలాగా చూసింది ఆమె ఒక్కతే.

ఆమె నన్ను ఎత్తుకుని రోజూ సాయంత్రం వెళ్ళే చోటు చేనేత సంఘం వారి హాలు. అక్కడ కోటిలింగం మాస్టారు పిల్లలకు పద్యనాటకం నేర్పేవారు. పోస్టాఫీసులో పనిచేసి రిటైరైన మనిషి. ఆయన, తాయారమ్మ పాత రోజుల్లో ఒకే స్టేజీ మీద రాజూ రాణీగా నిలబడ్డవాళ్ళు. నేతపనివాళ్ళ పిల్లలు, టైలర్ల పిల్లలు, ఆటోవాళ్ళ పిల్లలు ఆయన దగ్గరికి వచ్చేవారు. స్వయంగా ఉప్మా చేసి పెట్టి, వాళ్ళు తిన్నాకే పాఠం మొదలుపెట్టేవారు. కాగితం ఇవ్వరు. ఆయన అంటారు, పిల్లలు అనాలి.

"ఒరే, ఆ రాగం ఏందిరా, చింతపండు నానబెట్టినట్టు నానబెడతన్నావు. లాగు."

"లాగితే తెగిపోద్దేమో మాస్టారూ."

"తెగితే తాయారు ముడేస్తదిలే. నువ్వు లాగు."

పిల్లలు తాయారమ్మను 'పెట్టె పిన్ని' అనేవారు. పెట్టె అంటే నేను. నా పేరు ఆమెకు అంటుకున్నందుకు నాకు లోలోపల గర్వంగానే ఉండేది.

ఏడుకొండలు అక్కడికి వచ్చిన రోజు బాగా గుర్తుంది. వాళ్ళమ్మ నాగరత్నం మగ్గాలకు కండెలు చుట్టే మనిషి. కొడుకు చెయ్యి పట్టుకుని గుమ్మంలోనే నిలబడింది. మాస్టారు వాడి పేరడిగారు. వాడు నోరు తెరిచి "ఏ... ఏ... ఏ..." అంటూ ఆగిపోయాడు. మెడ బిగుసుకుంది, కళ్ళు మూసుకుపోయాయి. ముందు వరసలో కూర్చున్న రూతు అనే పిల్ల, "ఏడుకొండలండీ, మా స్కూలే. వాడికి నత్తి" అని పేరు పూర్తి చేసేసింది. పిల్లలు నవ్వారు. వాళ్ళమ్మ తలదించుకుంది.

మాస్టారు నవ్వలేదు. "పేరుకేం తొందర, తర్వాత చెబుదువుగానీ. ఇప్పుడు నేనన్నది అను" అని ఒక పద్యపాదం ఎత్తుకున్నారు. తాయారమ్మ నా మీద లేతగొంతులకు సరిపడే పై స్థాయి, ఐదు శృతి, పట్టింది.

వాడు పాడాడు. ఎక్కడా తడబాటు లేదు. మాటలో అడుగడుగునా తట్టుకునే ఆ నోరు, పద్యంలో నున్నగా జారిపోయింది. నవ్విన పిల్లలు నోళ్ళు తెరుచుకుని విన్నారు. నాగరత్నం కొడుకు వంక కొత్త మనిషిని చూసినట్టు చూసింది. నేనైతే గాలి తీసుకోవడం మరిచిపోయాననే చెప్పాలి. మాటను అప్పుగా కూడా పొందలేని పిల్లవాడికి పాట ఊరికే వస్తోంది. నా వ్యాపారంలో అంతటి విడ్డూరం ఎప్పుడూ చూడలేదు.

అప్పటినుంచి వాడు పద్యం కోసం బతికాడు. స్కూల్లో వాడి మాటలను పక్కవాళ్ళే పూర్తి చేసేవారు. కొట్లో బెల్లం అడగబోతే కొట్టువాడు ఉప్పు కట్టి ఇచ్చేవాడు. హాల్లో మాత్రం వాడు 'చీరాల గొంతు'. రెండేళ్ళు గడిచేసరికి చుట్టుపక్కల ఏ నాటక పరిషత్తు పోటీకి వెళ్ళినా వాడి పద్యానికి వన్స్ మోర్ పడేది.

ఈ వన్స్ మోర్ గురించి తెలియనివాళ్ళకు చెప్పాలి. పద్యనాటకంలో పద్యం నచ్చితే జనం "వన్స్ మోర్" అని కేకలు వేస్తారు. అంతే, కథ అక్కడికక్కడే ఆగాలి. పాడినవాడు మళ్ళీ మొదటి నుంచి అందుకోవాలి. కత్తిపోటు తిని చచ్చిపడి ఉన్న రాజు కూడా లేచి, బట్టలు దులుపుకుని, మళ్ళీ పాడి, మళ్ళీ చస్తాడు. పక్కన ఏడుస్తున్న రాణి ఏడుపు ఆపి ఎదురుచూస్తుంది. ఎవరికీ తప్పనిపించదు. వన్స్ మోర్ కాదన్న నటుడు ఈ నేల మీద లేడు. కాదనడం జనాన్ని గుమ్మంలోంచి గెంటినట్టు. ఒకసారి ఇచ్చిన సరుకును మళ్ళీ అదే చేత్తో, అదే తూకంతో ఇవ్వాలట. పెట్టెని కాబట్టి నాకు చెల్లుతుంది. మనుషులకు ఎలా చెల్లుతుందో నాకు తెలిసేది కాదు.

కొండలుకు పదమూడు దాటాక గొంతు మారడం మొదలైంది. మగపిల్లలకు అది మామూలే. రెండు వారాలు సన్నగా, ఒక పూట బొంగురుగా, మధ్యలో ఎక్కడో పుటుక్కున విరిగేది. అప్పుడు వాళ్ళు ఆడుతున్నది 'బందీ రాజు' అనే నాటకం. మాస్టారు సొంతంగా రాసినది. తండ్రి శత్రువు చెరసాలలో ఉంటాడు. పసివాడైన కొడుకు వెళ్ళి చెరసాల అధికారి కాళ్ళ మీద పడి వేడుకుంటాడు. ఆ పద్యం చివరి పాదం ఇది: 'తండ్రి నొక్కసారి తాకనిమ్ము.' కొడుకు వేషం కొండలుది, అధికారి వేషం రూతుది. బుగ్గ మీసాలు పెట్టుకుని అంత కోపంగా నిలబడే పదకొండేళ్ళ పిల్లను నేను ఇంకెక్కడా చూడలేదు.

వేటపాలెంలో ఒక ఉత్సవానికి ఆ నాటకం వేశారు. చివరి పాదంలో 'తాకనిమ్ము' దగ్గర గొంతు పైకి ఎక్కాలి. కొండలు ఎక్కించాడు. అక్కడ అది పగిలిపోయింది. నిలువునా చీరిన గుడ్డలా సగం సన్నగా, సగం మొరటుగా వినిపించింది. తాయారమ్మ చెయ్యి నా మెట్ల మీద బిగుసుకుంది. నేను సిగ్గుతో చచ్చిపోయాను. చెడిపోయిన సరుకు నలుగురిలో బయటపడింది, ఇక ఇంటికి పోదాం అనుకున్నాను.

ముందు జనంలో ఎవరో ఆడమనిషి వెక్కడం వినిపించింది. ఆ వెంటనే చప్పట్లు. ఆ పైన కేకలు: "వన్స్ మోర్."

తండ్రి కోసం ఏడ్చే పిల్లవాడి గొంతు ఏడుపుతో పూడుకుపోయిందని వాళ్ళు అనుకున్నారు. పగులును నటన అనుకున్నారు. విరిగిన వస్తువును చూసి, ఇలాంటిదే ఇంకొకటి ఇవ్వమని అడిగే కొనుగోలుదారులను నేను మొదటిసారి చూశాను. కొండలు బిత్తరపోయి స్టేజీ పక్క తెర చాటున నిలబడ్డ మాస్టారి వంక చూశాడు. ఆయన కళ్ళనిండా నీళ్ళతో తలూపారు. వాడు మళ్ళీ పాడాడు. మళ్ళీ పగిలింది. ఆ రోజు వాణ్ణి జనం భుజాల మీద మోశారు.

నేను అక్కడితో అయిపోయిందనుకున్నాను. అసలు సంగతి మర్నాడు మొదలైంది.

"ఇన్నేళ్ళు నేను చెప్పిన పాఠం అంతా ఒక ఎత్తు, రాత్రి నువ్వు వేసింది ఒక ఎత్తురా" అన్నారు మాస్టారు. "ఒంగోలు పరిషత్తులో కూడా ఆ పగులు అక్కడే పడాలి. ముందు కాదు, వెనక కాదు. 'తా' మీద పడాలి."

తాయారమ్మ ఆయన మొహం చూసింది. "అది వాడు వేసింది కాదు మాస్టారూ. వాడికి గొంతు మారతంది."

"మారతందని నాకు తెలవదా? మారేలోపలే వాడుకోవాలంటున్నా. నాటకానికి పనికొచ్చేది దేవుడు చేతికిస్తే కాదంటామా?"

ఆ రోజునుంచి వాడికి పగులు నేర్పడం మొదలుపెట్టారు. నేను అబద్ధం చెప్పడం లేదు. స్వరం పగలకుండా నేర్పే గురువులను బోలెడుమందిని విన్నాను. పగలడం నేర్పిన పాఠశాల అదొక్కటే. సాయంత్రం సాయంత్రం అదే పద్యం, అదే పాదం, అదే 'తా'. ఒక్కోసారి గొంతు మాట విని నున్నగా పాడేసేది. అప్పుడు మాస్టారు నిట్టూర్చి, "ఇంకాస్త ఎత్తుకో నాయనా, పైకిపోతే పడద్ది" అనేవారు. పగిలిన రోజు వెన్ను నిమిరి, కలకండ చేతిలో పెట్టేవారు. మిగతా పిల్లలు కూడా మొదలుపెట్టారు. హాలంతా లేతగొంతులు కావాలని చీరుకుంటూ పాడటం ఊహించుకోండి. ఒక సాయంత్రం రూతు దిగాలుగా వచ్చి నిలబడింది.

"మాస్టారూ, నాకు పగలట్లా."

"నీది ఆడగొంతమ్మా. పగలదు."

"మరి నాకు వన్స్ మోర్ ఎట్టా వస్తది?"

ఆ పిల్ల ప్రశ్నకు హాల్లో ఒక్కరూ బిత్తరపోలేదు. బిత్తరపోయింది నేను, తాయారమ్మ.

కొండలు గొంతు మాటల్లో కూడా మూగబోతూ వచ్చింది. మజ్జిగన్నం మింగేటప్పుడు మొహం చిట్లిస్తున్నాడని నాగరత్నం వచ్చి చెప్పింది. పొద్దున ఉమ్మిలో ఎర్రని చార కనిపించిందట. తాయారమ్మ వాణ్ణి పెద్దాసుపత్రికి తీసుకెళ్ళింది. అక్కడి డాక్టరమ్మ కొంతకాలం పాడొద్దు, మాట్లాడటం కూడా తగ్గించమంది. లేతగా ఉన్నప్పుడు ఇలా చీల్చుకుంటే గొంతు శాశ్వతంగా పోవచ్చని తాయారమ్మతో విడిగా చెప్పింది.

మాస్టారు విన్నారు. వినకపోలేదు. "పరిషత్తు ఒక్కటి అయిపోనీ తాయారూ. తర్వాత మూడు నెలలు నోరు తెరవకుండా నేనే కాపలా కూర్చుంటా. పిల్లోడికి ఎంత పేరొస్తదో నీకు తెలవదా?"

"నా గొంతు ఎట్టా పోయిందో మీకు తెలవదా?"

"నీకు ఆ రోజు జ్వరం" అన్నారు మాస్టారు.

"జ్వరానికి పోలా. మూడో వన్స్ మోర్‌కి పోయింది. మీరు పక్కనే రాజు వేషంలో నిలబడి చప్పట్లు కొట్టారు."

ఆయన లేచి ఉప్మా పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయారు. ఆమె గొంతు సంగతి నాకు అప్పుడే తెలిసింది. ఇన్నేళ్ళు నా మీద వేళ్ళు ఆడించిన మనిషి దగ్గర, నేను ఎన్నడూ అడగని నష్టం ఒకటుంది.

ఆమె కొండలునే అడిగింది. "ఒద్దని నువ్వు చెప్పరా. నువ్వు చెబితే మాస్టారు ఇంటారు."

వాడు చాలాసేపు అవస్థపడ్డాడు. "పా... పాడతా పిన్నీ. నాకు ఇం... ఇంకేం వచ్చు?"

పాట తప్ప మరో దుకాణం లేని పిల్లవాడికి దుకాణం కట్టెయ్యమని చెప్పడం తేలికా?

అప్పుడామె ఒక పని చేసింది. మర్నాడు ఎవరూ రాకముందే నా పక్కనున్న గుబ్బ పట్టుకుని మెట్ల వరసను తక్కువ శృతికి జరిపింది. వేళ్ళు మాత్రం ఐదు శృతి మెట్ల మీదే ఉంచింది. తబలా ఆయన పోటీ రోజున తప్ప రాడు గనుక పోల్చుకోవడానికి ఇంకో వాద్యం లేదు. రెండు తూకాల తక్కెడ అని నేను సిగ్గుపడ్డ ఏర్పాటు అదే. ఆ పూట మాత్రం సిగ్గనిపించలేదు. కొండలు తేలిగ్గా పాడాడు. గొంతు నొప్పి లేకుండా 'తా' మీద నిలిచింది. ఎన్నాళ్ళ తర్వాతో వాడి మొహంలో కళ కనిపించింది.

మాస్టారికి చెవి తక్కువ కాదు గానీ ఆయన శృతిని పట్టుకోలేదు. పట్టుకున్నది వేరే.

"పగులేదిరా?"

వాడు బిక్కమొహం వేశాడు.

"మళ్ళీ అను."

మళ్ళీ అన్నాడు. ఇంకా నున్నగా వచ్చింది. మాస్టారు మెల్లగా నా దగ్గరికి వచ్చి వంగి, గుబ్బ వంక చూశారు. తర్వాత తాయారమ్మ వంక చూశారు. తిట్టలేదు. గుబ్బను తన చేత్తోనే పాత చోటికి జరిపి, "ఒంగోల్లో తబలా ఐదుకి కట్టి ఉంటది. అక్కడ ఈ పని చేస్తే పిల్లోడి పరువు పోద్ది" అన్నారు. పిల్లవాడు బాగా పాడాడన్నదే దొంగతనానికి సాక్ష్యం అయింది. అంత తలకిందుల తీర్పును నేను ఇంకెక్కడా వినలేదు.

ఒంగోలు పరిషత్తుకు జనం విరగబడి వచ్చారు. వేటపాలెం కబురు ముందే పాకింది. ఆ పగిలే పద్యం కోసమే వచ్చామని నా ముందే ఇద్దరు చెప్పుకున్నారు. తబలా ఐదుకు కట్టి ఉంది. తాయారమ్మ ఐదే పట్టింది.

పద్యం వచ్చింది. చివరి పాదం వచ్చింది. 'తా' మీద గొంతు చీలింది. జనం లేచి నిలబడ్డారు. "వన్స్ మోర్."

కొండలు మళ్ళీ మొదటి నుంచి అందుకున్నాడు. ఈసారి పగులు పద్యం మధ్యలోనే మొదలై చివరిదాకా పాకింది. కొన్ని అక్షరాలు గాలిగానే బయటికి వచ్చాయి. అది జనానికి ఇంకా నచ్చింది. ఎవరో చొక్కా విప్పి తిప్పాడు. "వన్స్ మోర్, వన్స్ మోర్" అని హోరు. కొండలు పక్కకు చూశాడు. మాస్టారు పక్క తెర దగ్గర రెండు చేతులూ జోడించి నిలబడి ఉన్నారు. ఏడుస్తున్నారు. సంతోషంతోనే. కొండలు తలూపి, చేత్తో మెడ పట్టుకుని ఒకసారి మింగాడు. ఆ మింగడం నాకు కనిపించింది. మెడ నరాలు తాళ్ళలా లేచాయి. వాడు నోరు తెరిచాడు. తాయారమ్మ 'సా' పట్టింది.

పట్టిన మరుక్షణం ఎడమచెయ్యి తిత్తి మీదనుంచి తీసేసింది.

నా కడుపులో మిగిలిన గాలి కాస్త మూలుగులా జారి ఆగిపోయింది. ఆమె రెండు చేతులతో తిత్తిని నొక్కి, కొక్కెం పెట్టింది. నా ముందున్న మైకులో ఆ కొక్కెం చప్పుడు హాలంతా వినిపించింది. ఇన్నేళ్ళ నా జీవితంలో ఆట మధ్యలో నా దుకాణం మూసినవారు లేరు. నేను కొయ్యబారిపోయాను. కొయ్యనే అయినా ఆ క్షణం తెలిసింది, కొయ్యబారడం అంటే ఏమిటో.

తబలా ఆయన వంగి, "ఏందమ్మా ఇది, వన్స్ మోర్ అడుగుతుంటే" అన్నాడు.

తాయారమ్మ మైకు తన వైపు తిప్పుకుంది. ఆ గరగర గొంతుతో జనంతో మాట్లాడటం నేను అంతకుముందు వినలేదు. "పిల్లోడికి గొంతు బాగాలేదు బాబూ. ఇక చాలు. మిగతా నాటకం చూడండి."

జనంలోంచి ఒక పెద్దమనిషి లేచాడు. మర్యాదగానే మాట్లాడాడు. "మాకు బాగానే ఉంది గదమ్మా."

ఆ మాటకు చాలామంది చప్పట్లు కొట్టారు. నేను ఎన్నో రకాల కొనుగోలుదారులను చూశాను. ఇంత నిర్మలమైన మొహంతో ఇంతటి మాట అన్న మనిషిని చూడలేదు. ఆయన చెడ్డవాడు కాదు. బహుశా ఇంట్లో పిల్లలున్నవాడే.

కొండలు నా వంక చూశాడు. అది కోపం. పెట్టె లేకపోయినా పాడతానన్నట్టు మొండిగా నోరు తెరిచాడు. గాలి వచ్చింది. గాలి మాత్రమే వచ్చింది. ఒక్క అక్షరం పలకలేదు. హాలు హఠాత్తుగా చల్లబడింది. రూతు బుగ్గ మీసాలతోనే వెళ్ళి వాడి చెయ్యి పట్టుకుంది. తెర దించేశారు.

గ్రీన్‌రూమ్‌లో మాస్టారు కొబ్బరినూనె అద్దిన గుడ్డతో కొండలు మొహం రంగు తనే తుడిచారు. తుడవడం అయ్యాక తాయారమ్మ వైపు తిరక్కుండానే అన్నారు. "రేపట్నుంచి రాబాకు తాయారూ."

ఆమె నన్ను ఎత్తుకుని బస్టాండుకు నడిచింది.

తర్వాత నెలలు నేను బీరువా మీద గడిపాను. హాలుకు కొత్తగా కరెంటు శృతిపెట్టె కొన్నారని రూతు వచ్చి చెప్పింది. మీట నొక్కితే చాలు, అలుపు లేకుండా మోగుతూనే ఉంటుందట. నా వ్యాపారానికి పోటీ వచ్చిందని నేను కుంగిపోలేదు. పిల్లలు పగలడం మానేశారని కూడా రూతే చెప్పింది. మాస్టారు మళ్ళీ ఆ మాట ఎత్తలేదట. "కొండలు సంగతేంది" అని తాయారమ్మ అడిగితే, "మాట్లాడట్లా. ఇప్పుడు అసలే మాట్లాడట్లా" అంది ఆ పిల్ల. ఆ రాత్రి తాయారమ్మ అన్నం వడ్డించుకుని తినకుండానే నీళ్ళు పోసేసింది. ఒక గొంతును కాపాడానని అనుకున్న మనిషి, ఉన్న కాసిని మాటలు కూడా పోగొట్టానేమోనని కుమిలిపోయింది. లాభమా నష్టమా అని నన్నడిగితే ఆ రోజుల్లో నేను కూడా నష్టమనే చెప్పేవాణ్ణి.

ఒక మధ్యాహ్నం కొండలు ఒంటరిగా వచ్చాడు. పొడుగయ్యాడు. మూతి మీద నల్లని నూగు. గుమ్మంలో నిలబడి ఏదో అనబోయాడు. మాట అందలేదు. మెడ బిగిసింది. ఊళ్ళో అయితే ఈపాటికి ఎవరో ఒకరు ఆ మాట పూర్తి చేసేవారే. తాయారమ్మ చేటలో బియ్యం ఏరుతోంది. ఏరడం ఆపి వాడి మొహం వంక చూస్తూ కూర్చుంది. సాయం చెయ్యలేదు, తొందరపెట్టలేదు.

"ఎం... ఎందుకు... మూ... మూసేశావు?"

ఆ గొంతు విని నేను ఉలిక్కిపడ్డాను. వెడల్పుగా, కిందనుంచి, బావిలోంచి చేదిన నీళ్ళలా వచ్చింది. నత్తి అలాగే ఉంది. గొంతు మాత్రం ఇంకెవరిదో.

"నీకు కోపంగా ఉందా?" అంది ఆమె.

"ఉం... ఉంది. అం... అందరి ముందూ."

"ఉండనీ. నేను మళ్ళీ అయినా మూస్తా. కూర్చో, మంచినీళ్ళు తాగు."

వాడు కూర్చున్నాడు. నీళ్ళు తాగి, బీరువా మీదకు వేలు చూపించాడు. ఆమె నన్ను దించి, దుమ్ము దులిపి కొక్కెం తీసింది. వాడి చెయ్యి పట్టుకుని ఐదు శృతి మెట్టు మీద కాదు, ఎడమ పక్కకు తీసుకెళ్ళింది. ఒక్కొక్క మెట్టూ నొక్కుతూ కిందికి దిగారు. వాడు ప్రతిదానికీ తల అడ్డంగా ఊపాడు. ఇంకా కిందికి. అటువైపు నా దుకాణంలో ఎవరూ కొనని సరుకు ఉంటుంది. చిన్నపిల్లల మధ్య బతికిన పెట్టెకు ఆ స్వరాలతో పనేముంది? ఒక మెట్టు దగ్గర వాడు ఆగమన్నాడు. నొక్కితే నేను పలకలేదు. బుర్రుమని గాలి పోయింది, అంతే. నాకు తల ఎత్తుకోలేనంత అవమానం. ఎన్నాళ్ళకో కావలసిన కొనుగోలుదారు వచ్చాడు, కావలసిన సరుకు దుమ్ము పట్టి ఉంది.

తాయారమ్మ స్క్రూలు విప్పి పై పలక తీసి, ఆ రీడు ఊడదీసింది. "దుమ్ము" అని వాడి చేతిలో పెట్టింది. వాడు దాన్ని తిప్పి తిప్పి చూసి, పెదాల దగ్గర పెట్టుకుని ఊదాడు. మొదట దుమ్ము లేచింది. దగ్గాడు. నవ్వాడు. మళ్ళీ నెమ్మదిగా ఊదాడు.

ఆ రీడు పలికింది. తిత్తి లేదు, మెట్టు లేదు, నేను లేను. వాడి ఊపిరి, నా ఇత్తడి ముక్క, అంతే. వాడు దాన్ని పెదాల మీదనుంచి తీసి, అదే స్వరాన్ని నోటితో అందుకున్నాడు. ఊపిరి ఉన్నంతసేపు నిలిపాడు. ఎక్కడా పగల్లేదు.

నేను గాలి పుచ్చుకుని స్వరం అమ్ముతానని మొదట్లో చెప్పాను కదా. నా ఒళ్ళు విప్పి పడేసి ఉన్న ఆ మధ్యాహ్నం, నా ప్రమేయం లేకుండా నా సరుకు ఒకరి నోట్లోకి ఊరికే వెళ్ళిపోయింది. వ్యాపారికి అంతకుమించిన దిగ్భ్రాంతి ఏముంటుంది? తాయారమ్మ రీడు తిరిగి పెట్టడానికి చెయ్యి చాపింది. వాడు ఇవ్వలేదు. "ఇం... ఇంటికి తీసుకెళ్తా" అన్నాడు.

"తీసుకెళ్ళు" అంది ఆమె.

నాలో ఆ చోటు ఇప్పటికీ ఖాళీగానే ఉంది.